తాతారావు – ప్రతి

సమన్వయ శాఖ సంయుక్త సంచాలకులు డాక్టర్ పరాంకుశం గారు మైసూరులో శిక్షణ శిబిరానికి వెళ్ళేటప్పుడు మనలాంటి మనిషిగానే వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం చేతిలో ఒక గంధపుచెక్క ఏనుగు, నోట్లో ‘క్లౌడు’ అనే మాట పట్టుకొచ్చారు. ఏనుగును బల్ల మీద పెట్టి, క్లౌడును శాఖ నెత్తిన పెట్టారు.

సమన్వయ శాఖ అంటే ఏమిటని అడిగేవాళ్ళు ఉంటారు. రోడ్డు వేసే శాఖకూ, వేసిన రోడ్డును మర్నాడే పైపుల కోసం తవ్వే శాఖకూ ఒకరి సంగతి ఒకరికి తెలియజేయడానికి పెట్టిన శాఖ అది. పాపం, తెలియజేస్తూనే ఉంది. వాళ్ళు తవ్వుతూనే ఉన్నారు. అయినా శాఖ తన పని తాను చేసుకుపోతోంది.

మైసూరు నుంచి వచ్చిన వారంలోనే పరాంకుశం గారి సర్కులరు అన్ని ఊళ్ళకూ వెళ్ళింది. ఇకమీదట శాఖలో కాగితం ఉండదు. ఉద్యోగి సర్వీసు ఫైలు అతని ఇంటి కంప్యూటర్లో ఉంటుంది. దాని జంట ఎక్కడో దూరాన పెద్ద యంత్రాల్లో, అంటే క్లౌడులో ఉంటుంది. ఆ చోటికి పరాంకుశం గారు ‘గగన భాండాగారం’ అని పేరు పెట్టారు. ఇంట్లో ఫైలులో ఒక ముక్క మారిస్తే భాండాగారంలోనూ దానంతటదే మారాలి. రెండూ కలిస్తే ఫైలు పక్కన ఆకుపచ్చ టిక్కు పడుతుంది. ఆ టిక్కే హాజరు. మరి ఇంటి కంప్యూటరే ఎందుకయ్యా అంటే, ఆఫీసు కంప్యూటర్లన్నీ కాగితం లేని కార్యాలయం గురించి కాగితాలు అచ్చు వేయడంలో తీరిక లేకుండా ఉన్నాయి.

సర్కులరు చివర ఒక వాక్యాన్ని పరాంకుశం గారు లావుపాటి అక్షరాల్లో వేయించారు: “భాండాగారమునందు ఉన్నదే సత్యము. ఇంటి ఫైలునకు, భాండాగారపు ఫైలునకు తేడా వచ్చినచో ఆ తేడాకు ఉద్యోగియే బాధ్యుడు.”

ఈ వాక్యం చదివి పాలకొండ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు తాతారావు ఏమీ అనుకోలేదు. సర్కులర్లు చదివి ఏదో ఒకటి అనుకునే వయసు అతనికి ఎప్పుడో దాటిపోయింది. పైగా అతని ధ్యాసంతా నరసాపురం మీద ఉంది. భార్య సువర్చల అక్కడ హైస్కూల్లో లెక్కల టీచరు. కూతురు మేధ ఒకటో తరగతి. శుక్రవారం సాయంత్రం పాలకొండలో బస్సెక్కి, రైలు పట్టుకుని, మళ్ళీ బస్సెక్కి శనివారానికి నరసాపురం చేరడం, ఆదివారం భోంచేసి లేస్తూనే సంచీ సర్దుకోవడం, ఇదీ అతని కాపురం. మొన్న బళ్ళో ‘మా కుటుంబం’ బొమ్మ వేయమంటే మేధ ఇల్లు వేసి, ఇంట్లో అమ్మనీ తననీ వేసి, పక్కన ఒక బస్సు వేసి, దాని కిటికీలో నాన్నని వేసింది. సువర్చల ఆ బొమ్మ ఫోనులో పంపితే తాతారావు దాన్ని రెండోసారి చూడలేకపోయాడు.

అలాంటి తాతారావుకు, భార్యాభర్తల్ని ఒకేచోట ఉంచే నిబంధన కింద, ఇన్నేళ్ళకు నరసాపురం బదిలీ వచ్చింది. అక్కడ ఉన్నది ఒకే ఖాళీ. నెలాఖరులోగా చేరకపోతే అది వరుసలో రెండో పేరున్న ఆచంట ఆయనకు పోతుంది. చేరాలంటే బదిలీ ఉత్తర్వు సర్వీసు ఫైలులోకి ఎక్కాలి, ఫైలు పక్కన ఆకుపచ్చ టిక్కు పడాలి. ఇంతే కదా అనుకున్నాడు.

అద్దె గదిలో అతనికో పాత కంప్యూటరుంది. బావమరిది కొత్తది కొనుక్కుంటూ దయతో ఇచ్చినది. తాతారావు ఉత్తర్వును ఫైలులో చేర్చి, దండం పెట్టుకుని మీట నొక్కాడు. రెండు నీలం బాణాలు ఒకదాని తోకను ఒకటి తరుముకుంటూ గుండ్రంగా తిరగడం మొదలెట్టాయి. అతను స్నానం చేసి వచ్చాడు. అన్నం వండుకు తిన్నాడు. బాణాలు తిరిగి తిరిగి అలిసిపోయి, చివరికి ఎర్ర ఇంటూ మార్కుగా మారి కూర్చున్నాయి.

సహాయ కేంద్రానికి ఫోను చేస్తే అతని సమస్య వాళ్ళకు చాలా ముఖ్యమని ఒక యంత్రం చెప్పింది. ఆ ముఖ్యమైన సంగతి చాలాసేపు వీణ వాయిద్యంతో విన్నాక ఒక అమ్మాయి పలికింది.

“సార్, ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేశారా?”

“చేశానమ్మా.”

“డిస్కులో ఖాళీ ఉందా సార్?”

లేదు. మేధ మొదటి అడుగుల వీడియోలు, పుట్టినరోజుల వీడియోలు అన్నీ అందులోనే ఉన్నాయి. తాతారావు వాటిని పెన్ డ్రైవులోకి మార్చి ఖాళీ చేశాడు. ఇంటూ మార్కు కదల్లేదు.

“అయితే ఫైలు పేరు పొడుగైపోయి ఉంటుంది సార్. కొంచెం తగ్గించండి.”

అల్లంశెట్టి వీర వెంకట సత్య తాతారావు అన్నది ఫైలు పేరు. అందులో తండ్రి అన్నవరంలో మొక్కిన మొక్కు ఒకటి, తిరుపతిలో మొక్కిన మొక్కు ఒకటి ఉన్నాయి. ఇద్దరు దేవుళ్ళకూ మనసులో క్షమాపణ చెప్పుకుని ‘తాతారావు’ మాత్రం మిగిల్చాడు. ఇంటూ మార్కు ఇంకాస్త ఎర్రబడినట్టు అనిపించింది.

ఆ వారం నరసాపురం ప్రయాణం కూడా మానుకుని ఆదివారమంతా దానిముందే కూర్చున్నాడు. సువర్చల వీడియో కాల్ చేసింది.

“నాకు చూపించండి. ఫోను అలా తిప్పండి. ఇంకా కిందకి, ఆ మూలకి... ఏవండీ, ఇవాళ జనవరి ఒకటా?”

“ఎందుకవుతుందీ?”

“మరి మీ కంప్యూటరు గడియారంలో అలాగే ఉందండీ. సంవత్సరం కూడా చూడండి. అప్పటికి మన పెళ్ళే కాలేదు.”

అదీ సంగతి. కంప్యూటరు లోపల గడియారాన్ని నడిపే బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా ఆ పెట్టె తాను పుట్టిన ఏడాది జనవరి ఒకటికి వెళ్ళిపోతోంది. పాలకొండలో కరెంటు పోవడం విశేషమేమీ కాదు. కాబట్టి భాండాగారం దృష్టిలో తాతారావు, పెళ్ళి కాకముందే భార్య దగ్గరికి బదిలీ తెచ్చుకున్న మనిషి. దాన్ని నమ్మకపోవడంలో భాండాగారం తప్పేమీ లేదు.

తాతారావు గడియారం సరిదిద్ది మీట నొక్కాడు. బాణాలు గిర్రున తిరిగి ఆకుపచ్చ టిక్కు పడింది. సంతోషంతో ఆ కంప్యూటరు పెట్టెనే ముద్దు పెట్టుకున్నాడు. ముద్దు పెట్టుకుని తలెత్తేసరికి తెర మీద ఒకటికి రెండు ఫైళ్ళున్నాయి. ఒకటి ‘తాతారావు’. రెండోది ‘తాతారావు – ప్రతి’. ఏది ముందుదో ఏది వెనకదో తేల్చుకోలేక భాండాగారం ఎందుకొచ్చిన గొడవని రెంటినీ ఉంచేసింది. మొదటి దాంట్లో అతని సర్వీసంతా ఉంది, బదిలీ లేదు. రెండో దాంట్లో అదంతా ఉంది, దాంతోపాటు బదిలీ కూడా ఉంది.

“పాతది తీసేసి కొత్తది ఉంచండి, సరిపోతుంది,” అంది సువర్చల.

లెక్కల టీచరు గనక లెక్క ప్రకారం చెప్పింది. తాతారావు కూడా తీసేసే మీట మీద వేలు పెట్టాడు. కానీ అతను సర్కారు ఆఫీసులో ముదిరిన మనిషి. కాలం చెల్లిన క్యాలెండరు గోడ మీంచి తీయాలన్నా ఫైలు పెట్టి అనుమతి తీసుకునే చోట పెరిగాడు. వేలు వెనక్కి తీసుకుని, “రేపు ఆఫీసులో ఒక మాట అడిగి తీసేస్తాలే,” అన్నాడు. నా మనసుకైతే ఈ కథలో గగన భాండాగారం చేసిన తప్పుకన్నా ఇదే పెద్ద తప్పు.

మర్నాడు సూపరింటెండెంటు అప్పలస్వామి గారు ఈ మాట విని కళ్ళజోడు తీశారు. ఆయన రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్నారు. ఆ కుర్చీకి సీనియారిటీ ప్రకారం తర్వాతి పేరు తాతారావుదే.

“ఏటీ, సర్వీసు ఫైలు చెరిపేత్తావా? నీకేటైనా మతుందేటి తాతారావూ? ఫైలన్నాక నాశనం చెయ్యాలంటే కమిటీ కూర్చోవాల.”

“ఫైలు కాదండీ, దాని కాపీ ఒకటి ఎక్కువ పడింది.”

“పడిందా? పడిందంటే వచ్చిందన్న మాటే కదేటి. వచ్చిందానికి ముందు ఇన్వార్డు నంబరెయ్యాల. మన పద్ధతి మనం తప్పకూడదు.”

అని ఆయన ఎంతో శ్రద్ధగా ‘తాతారావు – ప్రతి’కి ఇన్వార్డు నంబరు వేశారు. ఆ శాఖలో నంబరు పడనిది కళ్ళెదుట ఏనుగై నిలబడ్డా లేనట్టే. నంబరు పడ్డాక అది గాలైనా సరే, ఉన్నట్టే. ఒక ఉద్యోగికి ఒకే ఫైలు ఉండాలని నిబంధన. ఇక్కడ నంబర్లున్న ఫైళ్ళు రెండున్నాయి. కాబట్టి ఉద్యోగులు ఇద్దరు. సాయంత్రానికి భాండాగారం పట్టికలో పాలకొండ ఆఫీసు సిబ్బంది ఒకరు పెరిగారు.

ఈ సంగతి పై ఆఫీసుకు తెలిసి పరాంకుశం గారు స్వయంగా విచారణకు పాలకొండ వచ్చారు. వెంట తెచ్చుకున్న గంధపు ఏనుగు పక్కన కూర్చుని, తాతారావును నిలబెట్టి, ఎంతో మర్యాదగా మొదలెట్టారు.

“మీ ఇరువురిలో అసలు ఎవరు?”

“నేనేనండీ.”

“తగిన ఆధారము?”

తాతారావు అటూ ఇటూ చూశాడు. “నేను ఇక్కడ మీ ముందు ఉన్నాను కదండీ.”

పరాంకుశం గారు జాలిగా నవ్వారు. “మీరు ఇక్కడ ఉండుట అనునది స్థానిక ప్రతి మాత్రమే తాతారావు గారూ. స్థానికముగా ఉన్నదానిని మేము పరిగణించలేము. సర్కులరు చూసుకోండి. భాండాగారమునందు ఉన్నదే సత్యము. అక్కడ మీరు ఇరువురు. ఇక్కడకు వచ్చినది ఒక్కరు. రెండవవారు ఏల గైరుహాజరు?”

“రెండోవాడు లేడండీ.”

“అది మీ వ్యక్తిగత అభిప్రాయము,” అన్నారు పరాంకుశం గారు.

తాతారావు గడియారం కథ మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. కంప్యూటరు తేదీ దిద్దాననేసరికి అప్పలస్వామి గారు పక్కనుంచి నాలిక్కరుచుకున్నారు. సర్కారు రికార్డున్న యంత్రంలో తేదీ దిద్దడమంటే మాటలా? అయితే పరాంకుశం గారు దొడ్డ మనసుతో దాన్ని క్షమించారు. సింక్ కాకపోవడం, అంటే రెండు చోట్ల ఫైళ్ళూ కలవకపోవడం, నేరం కాదు, లోపం మాత్రమే అన్నారు. లోపాన్ని సరిచేయడానికి మైసూరులో నేర్పిన మెట్లున్నాయి. భాండాగారంలో లోపం ఉండదు గనుక లోపం స్థానిక ప్రతిలో, అనగా తాతారావులో ఉండాలి. కాబట్టి ఆ మెట్లు తాతారావు మీద అమలు చేయమని ఉత్తర్వు వేశారు.

మొదటి మెట్టు, ఆపి మళ్ళీ ఆన్ చేయడం. తాతారావును పొద్దున్నే సస్పెండు చేసి, కాఫీలు తాగాక మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. భాండాగారంలో చూస్తే ఇంకా ఇద్దరే ఉన్నారు.

రెండో మెట్టు, వేరే ఫోల్డరులోకి మార్చి చూడడం. అతని కుర్చీ బల్ల తీసుకెళ్ళి విరిగిన బీరువాలుండే గదిలో వేశారు. తుమ్ములు తప్ప ఫలితం కనపడలేదు.

మూడో మెట్టు, వేరెవరైనా ఫైలును తెరిచి ఉంచారేమో కనుక్కోవడం. “మీరెవరితోనైనా మనసు విప్పి మాట్లాడుచున్నారా?” అని విచారించారు. భార్యతో మాట్లాడుతున్నానన్నాడు. సింక్ పూర్తయ్యే దాకా ఆవిడతో మాట్లాడరాదని మెమో ఇచ్చారు.

ఆ మెమో తీసుకుని తాతారావు వరండాలోకి వచ్చి వెంటనే సువర్చలకు ఫోను చేశాడు. అన్నేళ్ళ సర్వీసులో అతను ఒక ఉత్తర్వును ధిక్కరించడం అదే మొదలు.

“నెలాఖరు ఎల్లుండే సువర్చలా. ఇక మన వల్ల కాదేమో. ఆచంటాయన చేరిపోతాడు.”

“మీరు బెంబేలు పడకండి. వాళ్ళ లెక్కలో ఇద్దరున్నారంటున్నారు కదా. ఉండనివ్వండి. ఆ ఇద్దర్లో బదిలీ ఎవరికొచ్చిందో అడగండి,” అంది సువర్చల.

తాతారావు లోపలికి వెళ్ళి అడిగాడు. పరాంకుశం గారు తెర చూసి, “బదిలీ మీ ప్రతికి అయినది. అతనిని రేపే రిలీవు చేయుటకు అభ్యంతరము లేదు. తాతారావు మాత్రం పాలకొండలోనే కొనసాగవలెను,” అన్నారు.

“అయితే నేను ప్రతినండీ.”

అప్పలస్వామి గారు అతని చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళారు. ఆయన చెడ్డవాడేం కాదు.

“ఒరే నాయనా, ఆలోచించుకోరా. సర్వీసంతా అసలు ఫైలుకే పోద్ది. సీనియార్టీ ఆడిదే, ప్రమోషను ఆడిదే. నేను దిగిపోతే ఈ కుర్చీ ఆడిదే. ఇన్వార్డు ప్రకారం ప్రతి పుట్టింది మొన్నే కదేటి. నరసాపురంలో అందరికన్నా చిన్నోడివైపోతావు. నిన్నగాక మొన్న ఉజ్జోగంలో చేరినోడు కూడా నిన్ను పేరెట్టి పిలుత్తాడు. ఇన్నేళ్ళూ గాడిద చాకిరీ చేసింది ఇందుకేనా?”

తాతారావు ఆ కుర్చీ వంక చూశాడు. చేతుల దగ్గర అరిగి నున్నబడిన టేకు కుర్చీ. నిజం చెప్పాలంటే అతను దానికోసం ఆశపడ్డాడు. అప్పలస్వామి గారు సెలవు పెట్టినప్పుడు తలుపు దగ్గరేసి ఒకసారి కూర్చుని కూడా చూశాడు. ఆ కుర్చీ మీద అతనికున్న ప్రేమ తక్కువేం కాదు. కానీ కళ్ళు మూసుకుంటే బస్సు కిటికీలో ఇరుక్కున్న బొమ్మ కనపడింది. రంగు పెన్సిలుతో వేసిన ఆ నాన్నకి మేధ నవ్వు కూడా వేయలేదు.

“నేను ప్రతినేనండీ. ఎక్కడ సంతకం పెట్టాలి?” అన్నాడు.

పరాంకుశం గారు లేచి కరచాలనం చేశారు. లోపం ఇంత సహకరించడం తన అనుభవంలో ఎప్పుడూ చూడలేదన్నారు.

నెల చివరి రోజు మధ్యాహ్నం ‘తాతారావు – ప్రతి’ నరసాపురం ఆఫీసులో చేరిపోయాడు. అప్పలస్వామి గారు చెప్పినట్టే ఒక మూల బల్ల ఇచ్చారు. ఆ బల్లకు ఒక కాలు పొట్టి. అతనికన్నా బాగా చిన్నవాళ్ళు “ఏవయ్యా ప్రతీ, ఆ ఫైలిలా పట్రా,” అనడం మొదలెట్టారు. మొదట్లో మొహం మాడ్చుకున్నాడు గానీ, సాయంత్రం ఇంటికి నడిచి వెళ్ళి, నడిచి వెళ్ళి, ఆ కోపం ఎక్కడో పడిపోయింది.

ఇక పాలకొండలో మిగిలిన తాతారావు సంగతి. ఆయన ఫైలును ముట్టుకునేవాళ్ళు లేరు గనక అందులో తేడా వచ్చే అవకాశమే లేదు. దినం తప్పకుండా ఆకుపచ్చ టిక్కు. ఆలస్యం లేదు, సెలవు లేదు, ఎదురు మాట లేదు. జీతం బిల్లు కూడా పెట్టకపోవడం చూసి పరాంకుశం గారు ఆ నిస్వార్థానికి చలించిపోయారు. అప్పలస్వామి గారు రిటైరైన రోజునే తాతారావును సూపరింటెండెంటును చేశారు. ఆయన వచ్చాక ఆఫీసులో వాదులాటలు తగ్గాయని సిబ్బంది కూడా మెచ్చుకున్నారు. ఖాళీ కుర్చీ మీద రోజూ దుమ్ము దులుపుతారు. ఏడాది తిరక్కుండానే ఉత్తమ ఉద్యోగి బహుమతి ఆయనకే వచ్చింది.

బహుమతి అందుకోవడానికి ఆయన స్వయంగా రాలేరు కాబట్టి, వేదిక మీదికి ఒక ప్రతినిధిని పిలవాలనుకున్నారు. నరసాపురంలో ఉన్న తాతారావు పేరు ఎవరో సూచించారట. పోలికల వల్ల గందరగోళం వస్తుందని పరాంకుశం గారు వద్దన్నారు. దాని బదులు నరసాపురానికి ఒక మెమో పంపారు: “తమరు తరచుగా సాయంత్రము సరిగ్గా వేళకే ఇంటికి వెళ్ళిపోవుచున్నట్లు తెలియవచ్చినది. తమ అసలు వారిని ఆదర్శముగా తీసుకొని నడచుకోవలసినది.”

తాతారావు ఆ మెమో జేబులో పెట్టుకుని సరిగ్గా వేళకే ఇంటికి వెళ్ళాడు. సువర్చల వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. చదివి వినిపిస్తే కత్తిపీట పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మేధ నేల మీద బోర్లా పడుకుని రంగు పెన్సిళ్ళతో ఏదో వేస్తోంది. తాతారావు పక్కనే చతికిలబడి చూశాడు. ఇల్లుంది. ఇంట్లో అమ్మ, మేధ, మధ్యలో నాన్న. నాన్నకి చెవి నుంచి చెవి దాకా నవ్వుంది. అంతవరకూ బాగానే ఉంది గానీ, పక్కన మళ్ళీ అదే బస్సు, కిటికీలో అదే మనిషి ఉన్నాడు.

“నేను ఇంట్లోనే ఉన్నాను కదమ్మా. మరి బస్సులో ఎవరు?”

“పాలకొండ నాన్న,” అంది మేధ తలెత్తకుండానే. “ఆయనకి ఆఫీసే ఇష్టం. అందుకని మనం టాటా చెప్పేస్తున్నాం.”

అని పెన్సిలు మార్చి, ఇంట్లో ఉన్న ముగ్గురికీ పైకెత్తిన చేతులు వేసింది.